టైటిల్స్ కాగితం

ఆ కాగితం మీద సంతకం నాదే. ఎర్ర సిరాతో, తేదీతో సహా పెట్టాను. ఇంకెవరి మీదికీ నెట్టడానికి వీల్లేదు.

మా కాలేజీలో ఫేర్‌వెల్ రోజున టైటిల్స్ ఇవ్వడం ఆనవాయితీ. వెళ్లిపోతున్న సీనియర్లలో ఒక్కొక్కరికీ రెండో సంవత్సరం పిల్లలు ఒక బిరుదు తయారుచేస్తారు. క్లాసులో నిద్రపోయేవాడు కుంభకర్ణుడు, అప్పులడిగేవాడు చక్రవడ్డీ, ఇలాంటివి. మైకులో పేరు పిలిచి బిరుదు చదువుతారు. పిలిచినవాళ్లు స్టేజీ ఎక్కి, ఆ బిరుదు రాసిన అట్టముక్కని చొక్కాకి పిన్నుతో పెట్టించుకుని, నవ్వుతూ థాంక్స్ చెప్పాలి. ఫంక్షన్ అయ్యేదాకా అట్ట తియ్యకూడదు. మొహం మాడ్చుకున్నవాణ్ని పరీక్షలయ్యేదాకా ఏడిపిస్తారు. జాబితా మాత్రం ముందుగా కల్చరల్ కమిటీ ఇన్‌ఛార్జికి చూపించి సంతకం చేయించుకోవాలి. తొంభై ఎనిమిదిలో ఆ ఇన్‌ఛార్జిని నేను. పేరు శివరామకృష్ణ, చెప్పేది తెలుగు. నాది గంటలాంటి గొంతు. నేను పద్యం ఎత్తుకుంటే కాలేజీ పక్క కాలువ అవతల లారీ డ్రైవర్లకి కూడా కంఠస్థం అయిపోతుందని ఎకనామిక్స్ ఉదయభాస్కర్ ఆటపట్టిస్తూ ఉండేవాడు.

చదవకుండా సంతకం పెట్టే రకాన్ని కాను. డెబ్బై రెండు బిరుదులూ చదివాను. రెండు కొట్టేశాను. ఒకటి ఓ అమ్మాయి నడక గురించి. రెండోది ఓ కుర్రాడి బిరుదులోకి ప్రిన్సిపాల్ భీమరాజు గారి బట్టతలని లాగింది. "పెద్దల్ని అనకూడదురా" అని జాబితా తెచ్చిన అచ్చిబాబుకి నీతి కూడా చెప్పాను. నలభై ఒకటో నెంబరు దగ్గర నా పెన్ను ఆగనే లేదు. అక్కడ ఇలా ఉంది: డేనియల్, గవర్నమెంటు అల్లుడు.

ఎస్సీ పిల్లలకి సీటూ, స్కాలర్‌షిప్పూ, హాస్టల్లో తిండీ అన్నీ ప్రభుత్వమే పెడుతుందనీ, అత్తారింట్లో అల్లుడిలా కూర్చుని తింటారనీ ఎగతాళి. ఆ మాట మా స్టాఫ్‌రూములో టీ తాగుతూ వందసార్లు విన్నాను. నేనూ అన్నానేమో, అనలేదని ప్రమాణం చెయ్యలేను. చెవికి అంతగా అలవాటైపోయిన మాట కంటికి తప్పుగా కనబడలేదు.

డేనియల్ బీయస్సీ ఆఖరి సంవత్సరం. కెమిస్ట్రీలో క్లాసు ఫస్టు. తల్లి జ్ఞానమ్మ కడియంలో నర్సరీకి వెళ్లి, మొక్కల సంచుల్లో మట్టి నింపుతుంది. ఆ రోజు వాడు కొత్త తెల్లచొక్కా వేసుకొచ్చాడు. పేరు పిలిచారు. బిరుదు చదివారు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా నేను నవ్వని సంగతి ఒక్కసారైనా గుర్తు రావడంలేదు. అచ్చిబాబు పిన్ను పెడుతుంటే డేనియల్ కదలకుండా నిలబడి, మైకులో "థాంక్సండి" అన్నాడు. గ్రూపు ఫోటోలో కూడా ఆ అట్ట వాడి గుండెల మీద ఉంది.

మర్నాటి నుంచి వాడు కాలేజీకి రాలేదు. ప్రాక్టికల్ పరీక్షలు సోమవారం. అవి తప్పితే ఏడాది పోయినట్టే.

నాలుగు రోజులు చూసి, గురువారం స్కూటరు వేసుకుని కడియం వెళ్లాను. జ్ఞానమ్మ మట్టిచేతులతోనే దణ్ణం పెట్టింది.

"ఏం జరిగిందండి మాస్టారూ? మావోడు అన్నం ముందు కూచుంటాడు, లేచిపోతాడండి. ఆ కొత్త చొక్కా ఉతుకుతానంటే ముట్టుకోవద్దని అరిచాడండి. చూత్తే ఏం లేదండి, పిన్ను గుచ్చిన చిల్లులు రెండు, అంతే. దానికింత కోపమేంటండి?"

"వాడెక్కడున్నాడమ్మా?" అంటూ లోపలికి నడిచాను.

డేనియల్ మందార మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు. నన్ను చూసి పైపు కింద పెట్టాడు.

"లిస్టు మీరు చదివారాండి సార్?"

"చదివాను."

"ప్రిన్సిపాల్ గారి మీద రాసింది కొట్టేశారంట కదండి. అచ్చిబాబు చెప్పాడు. అది కనపడింది గానీ నాది కనపళ్లేదాండి?"

వాడు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు హాయిగా ఉండేది. "తప్పయిపోయింది బాబూ" అన్నాను.

"ఇక్కడ మొక్కల ముందు చెప్తే ఏం లాభమండి? ఆ మాట మైకులో చదివారు. శనివారం అసెంబ్లీలో అదే మైకులో చెప్పండి. ఏం రాశారో, సంతకం ఎవరు పెట్టారో, అదెందుకు తప్పో. గేటు దగ్గర నిలబడి వింటానండి. అది విన్నాక సోమవారం వస్తాను. లేదంటే ఆ నవ్వినోళ్ల పక్కన ల్యాబులో నేను నిలబళ్లేనండి."

"చెప్తాను. ఒట్టు" అన్నాను. నన్ను రోడ్డుదాకా సాగనంపుతూ జ్ఞానమ్మ, "ఈ ఏడు పోతే మళ్లీ కాలేజీ మొహం చూడడండి. నా కొడుకుని నాకు తెలుసు" అంది.

దారి పొడుగునా నా మీద నాకే అసహ్యం. ఆ అసహ్యాన్ని మూటగట్టుకుని శుక్రవారం స్టాఫ్ మీటింగులో విప్పాను. కాలేజీలో మైకులో గానీ, గోడల మీద గానీ, నోటితో గానీ కులం ఊసెత్తినవాణ్ని సస్పెండ్ చెయ్యాలన్నాను. బల్ల గుద్ది మరీ అన్నాను.

ఉదయభాస్కర్ అడ్డం తగిలాడు. "రూలు వద్దండి మాస్టారూ. ఆ అట్ట మీద కులం పేరుందాండి? లేదు. ఏడిపించేవాడికి కులం పేరెత్తే అవసరమే లేదు. దెబ్బ తిన్నవాడే చెప్పుకోడానికి ఆ మాట ఎత్తాలి. పోయినేడు ఎస్సీ హాస్టల్‌కే నీళ్లెందుకు రావటంలేదని ఇదే డేనియల్ నోటీసుబోర్డు మీద అంటిస్తే, కులాలు రెచ్చగొడుతున్నాడని చింపించింది మనం కాదూ? మీ రూలు ముందు నొక్కేది వాడి నోరేనండి."

"అయితే వాగనిద్దామా? మాటకి మాట చెప్పమంటారా? మైకు వాళ్ల చేతిలో ఉంది, అట్ట వాడి చొక్కాకి ఉంది. నాలుగొందల మంది నవ్వుతుంటే ఒక్కడు ఏం ఎదురు చెప్తాడండి? మీ స్వేచ్ఛకి పిన్ను గుచ్చుకునేది మీకు కాదుగా!"

"మీకూ కాదుగా మాస్టారూ" అన్నాడతను నెమ్మదిగా. "తప్పు చేసినవాళ్లు అందరి ముందూ ఒప్పుకోవాలి. అది చెయ్యకుండా నోళ్లు మూయించడం దేనికండి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఇంకా గట్టిగా అరిచాను. నా అరుపే గెలిచింది. భీమరాజు గారికి అట్రాసిటీ కేసు భయం పట్టుకుని ఉంది. నేను చెప్పిన రూలుకి ఆయన ఇంకో ముక్క కలిపారు: "జరిగిన విషయం గురించి కూడా ఆవరణలో ఎవరూ ప్రస్తావించరాదు." కాగితం తిరిగింది. మొదటి సంతకం నాదే. ఆవేశంలో ఆ చివరి ముక్క చదివాను గానీ, అది నా పీకకే చుట్టుకుంటుందన్న ఆలోచన రాలేదు.

శనివారం ఉదయం అసెంబ్లీలో నిలబడ్డాను. గేటు దగ్గర సైకిలు పట్టుకుని డేనియల్ ఉన్నాడు. తల దువ్వుకుని వచ్చాడు. చంకలో ప్రాక్టికల్ రికార్డు కూడా ఉంది. అది చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది.

"మొన్న ఫేర్‌వెల్‌లో మన విద్యార్థి ఒకరికి ఇచ్చిన బిరుదు గురించి చెప్పాలి. ఆ జాబితా నేను..."

మైకు ఆగిపోయింది. ఆంప్లిఫయరు స్విచ్చి మీద భీమరాజు గారి చెయ్యి ఉంది. ఆయన నా పక్కకి వచ్చి, చెవిలో చాలా మర్యాదగా అన్నారు.

"నిన్న మీరు పెట్టించిన రూలే కదండీ మాస్టారూ. మొదట మీరే తప్పితే పిల్లలకేం చెప్తామండి? ఇంకా పద్నాలుగేళ్ల సర్వీసుంది మీకు."

నా ముందు నాలుగొందల మంది. వాళ్ల వెనక గేటు. ఎంత దూరమని? మా క్లాసురూముకీ కాలువకీ ఉన్నంత కూడా లేదు. నేను నోరు తెరిచాను. గొంతులో మాట సిద్ధంగానే ఉంది. ఆ మాట వెనకే పద్నాలుగేళ్లూ, సస్పెన్షనూ, ఇంట్లో మా ఆవిడ మొహమూ వచ్చి నిలబడ్డాయి. నోరు మూసుకుని స్టేజీ దిగాను. జనగణమన మొదలైంది. పూర్తయ్యాక చూస్తే గేటు దగ్గర సైకిలు లేదు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికే ల్యాబు గుమ్మంలో నిలబడ్డాను. కెమిస్ట్రీ ల్యాబులో తెలుగు మాస్టారికేం పని అని పిల్లలు గుసగుసలాడారు. అందరి ముందూ బ్యూరెట్లు నింపి ఉన్నాయి. కిటికీ పక్క బల్ల దగ్గర ఎవరూ లేరు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు అరగంట చూసి, పేరు పక్కన ఆబ్సెంటు వేయబోయాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మధ్యాహ్నం బ్యాచిలో కూర్చోబెట్టండి, మీకు పుణ్యం ఉంటుంది. నేను తీసుకొస్తాను" అని బతిమాలాను. రెండింటిదాకా చూస్తానన్నాడు.

కడియం ఎలా వెళ్లానో నాకే తెలియదు. నర్సరీ ముందు లారీకి మామిడి అంటుమొక్కల సంచులు ఎక్కిస్తున్నారు. డేనియల్ ఆ తెల్లచొక్కాయే వేసుకున్నాడు. నిండా మట్టి. జ్ఞానమ్మ మొక్కల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసింది గానీ ఈసారి లేవలేదు.

"బండెక్కు బాబూ. రెండింటిదాకా టైముంది. ఎగ్జామినరుతో మాట్లాడాను" అన్నాను.

వాడు సంచి లారీ మీదికి అందించి, ఇంకోటి ఎత్తాడు.

"నా మీద కోపం నా మీదే చూపించు. నీ ఏడాది ఎందుకు పాడుచేసుకుంటావు? నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"వద్దండి" అన్నాడు కంగారుగా. నా వంటి పెద్దవాడు అంత మాట అన్నందుకు వాడే సిగ్గుపడ్డాడు.

"మైకు ఆపేశారు డేనియల్. చూశావుగా. నేను చెప్పబోయాను. మైకు ఆపేశారు."

డేనియల్ చేతిలోని మొక్కని జాగ్రత్తగా కింద పెట్టాడు. చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. ఎప్పుడూ క్లాసులో లేచి నిలబడినట్టే నిలబడి, అంతే మర్యాదగా అన్నాడు.

"మూడేళ్లూ నేను ఆఖరి బెంచీలోనే కూర్చున్నానండి సార్. మీ మాట నాకు వినపడని రోజు ఒక్కటీ లేదండి."