యంత్రానికి ఎర్ర సిరా

మూడో నంబరు ట్యాబు ఇవాళ కూడా పెంకితనం చేసింది. మిగతా పదిహేనూ పచ్చ దీపాలతో బుద్ధిగా నిలబడి ఉంటే, అది మాత్రం సగం కడుపుతో ఎర్రగా చూస్తోంది. ఆమె తీగ ఊడదీసి, దాని చివరను మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకసారి ఉఫ్‌మని ఊది మళ్ళీ గుచ్చింది.

"తిను తల్లీ. ఇవాళ నీతో పనుంది" అంది, అన్నం దగ్గర మారాం చేసే పిల్లతో అన్నట్టు.

ఎనిమిది ఇంకా కాలేదు. కిటికీలు తెరిచింది. బల్లలన్నీ ఒకసారి తడిగుడ్డతో, ఒకసారి పొడిగుడ్డతో తుడిచింది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరుస. ఈ గదిలోకి ఆమె వచ్చింది గాజుగొట్టాలు కడగడానికి. అప్పుడిది సైన్సు ల్యాబు. తరువాత గొట్టాలు పోయి పెద్ద పెద్ద కంప్యూటర్లు వచ్చాయి, వాటి మీద దుమ్ము తుడిచింది. అవీ పోయి ట్యాబులొచ్చాయి, వీటికి ఛార్జింగు పెడుతోంది. భర్త రేడియోలు బాగుచేసేవాడు. ఆయన విప్పిన మరలను సైజు వారీగా సీసాల్లో సర్దిపెట్టడం పెళ్ళయిన కొత్తలో ఆమె పని. ఆ చేతివాటం వల్లనో ఏమో, ఏ కొత్త వస్తువు వచ్చినా బెదిరిపోలేదు. ఎదురుగా ఉన్నప్పుడు పిల్లలు ఆమెను "ల్యాబమ్మా" అంటారు. చాటుగా "ఛార్జింగమ్మ" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు వాళ్ళకు తెలియదు.

గుండె మాత్రం ఇవాళ మామూలుగా కొట్టుకోవడం లేదు. పరీక్ష రాయబోయే పిల్లకు మల్లే ఒకటే దడ, ఆ దడలోనే ఒక హుషారు.

కారణం మూడు వారాల నాటిది. భాషా మాస్టారు ఏడో తరగతికి 'మా వీధి' అని వ్యాసం ఇచ్చారు. ముప్పై రెండు మందీ రాశారు. ముప్పై రెండు వీధుల్లోనూ ఒకే ఫౌంటెన్! ఒకే పచ్చని చెట్ల వరుస, ఒకే చల్లని సాయంత్రం. ట్యాబులో అడిగితే వ్యాసాలు రాసిపెట్టే యంత్రమేదో ఉంటుందట, దాన్ని అడిగి అందరూ దింపేశారు. ఒకడైతే యంత్రం చివర్లో అన్న మాట కూడా వదలకుండా అందమైన దస్తూరితో రాశాడు: 'ఇంకా పొడుగ్గా కావాలంటే చెప్పండి, రాసిస్తాను.'

"రాసిస్తావురా, ఎందుకు రాసివ్వవు!" అని మాస్టారు ఆ రోజు ఒంటికాలి మీద లేచారు. తల్లిదండ్రులు వచ్చారు, తలో మాటా అన్నారు. చివరికి హెడ్మాస్టరు ట్యాబులన్నీ వెనక్కి పంపేద్దామని తేల్చారు.

అదివరకు జీతం సంతకానికి తప్ప హెడ్మాస్టరు గది గడప తొక్కనిది, ఆ మధ్యాహ్నం ఆమె వెళ్ళి నిలబడింది.

"ఇక్కడ ఎన్ని గాజుగొట్టాలు పగిలాయో నాకు తెలుసు సార్. పగిలాయని ల్యాబు మూసేశామా? ఎలా పట్టుకోవాలో నేర్పాం కదా."

ఆయన క్యాలెండరు వైపు చూశారు. "శుక్రవారం నాలుగింటికి వీటిని తీసుకెళ్ళే వ్యాను వస్తుంది. ఆలోపు ఎలా నేర్పుతారో చూపించండి. తల్లిదండ్రుల తరఫున ఒకరు సంతకం పెట్టాలి. పెడితే ఉంటాయి, లేకపోతే వెళ్తాయి" అన్నారు.

ఇవాళే ఆ శుక్రవారం, ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజూ ఇదే. ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. తాను వెళ్ళాక ఈ గదిలో పిల్లలుంటారా, తలుపుకు తాళం ఉంటుందా అన్నదే ఆమె బెంగ.

తొమ్మిదిన్నరకు బడి గేటు దగ్గర ముప్పై రెండు మందీ తేనెపట్టు కదిలినట్టు ఝుమ్మంటున్నారు. యంత్రం రాసిన వ్యాసంలో పది వాక్యాలు. జట్టుకొక వాక్యం, జట్టుకొక ట్యాబు. బడి ముందున్న వీధిలోనే తిరిగి, యంత్రం చెప్పింది నిజమో కాదో తేల్చుకురావాలి. మధ్యాహ్నం హాల్లో అందరి ముందూ దాన్ని దిద్దాలి.

"మేం దిద్దాలా? ఎర్ర సిరాతోనా?" అంది 'ఎందుకు'. నోరు తెరిస్తే ఆ మాటే అడుగుతుందని ఆ పిల్లకు ఆ పేరు.

"ఎర్ర సిరాతోనే. నా పెన్ను ఇస్తా" అన్నారు భాషా మాస్టారు. ఇన్నేళ్ళలో ఆ పెన్ను ఆయన జేబు దాటి ఎరగదు. పిల్లలు ఓహో అని ఒకటే కేక.

ల్యాబమ్మ చెయ్యెత్తింది. "ముందు కళ్ళు, తరువాత ట్యాబు. మనిషి కనబడే ఫొటో అయితే అడిగి తియ్యండి. వద్దంటే వద్దు, బతిమాలకండి. ఒరేయ్ సైలెన్సరూ, నీకే చెప్తున్నా."

"నేనేం చేశాను ల్యాబమ్మా!" అన్నాడు సైలెన్సరు, వీధి చివరకు వినిపించేలా.

ఆ గంటన్నరా వీధికి కాళ్ళొచ్చినట్టయింది. ఒక జట్టు చెట్లు లెక్కపెట్టింది. ఒక జట్టు రోడ్డు వెడల్పును అడుగులతో కొలిచి, ట్యాబులోని పటంతో పోల్చి, తేడా వచ్చిందని మళ్ళీ కొలిచింది. 'ఇరుగుపొరుగు ఒకే కుటుంబంలా ఉంటారు' అన్న వాక్యం దక్కిన 'ఎందుకు' లాండ్రీవాడినీ పక్కనున్న బేకరీ ఆవిడనూ విడివిడిగా పట్టుకుంది.

"ఆవిడతో నాకు ఆరేళ్ళుగా మాటల్లేవు" అన్నాడు లాండ్రీవాడు ఇస్త్రీపెట్టె ఆపి.

"ఎందుకు?"

"మా ఇద్దరి మధ్య కాలవుంది చూశావా, అదెవరు బాగుచేయించాలని."

"ఇది రాసుకోవచ్చా బాబాయ్?"

అతను బేకరీ వైపు ఒకసారి చూశాడు. "రాసుకో. పేరు మాత్రం వద్దు. నా గొంతు కూడా అందులోకి ఎక్కించకు."

ల్యాబమ్మ ఎండలో ఆ చివరి నుంచి ఈ చివరికి కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఎవరి ట్యాబు జారిపోతుందో, ఎవరు ఎవరిని కసురుతారోనని ఒక కన్ను. ఇన్నాళ్ళూ గదిలో తలలు వంచుకుని కూర్చునే పిల్లలు ఇలా తలలెత్తి తిరుగుతుంటే చూసి మురిసే కన్ను ఇంకొకటి.

రెండు గంటలకు హాల్లో ముందు వరుసలో హెడ్మాస్టరు, ఆయన పక్కన తల్లిదండ్రుల తరఫున వచ్చిన బస్సు డ్రైవరు. యూనిఫాంలోనే వచ్చాడు. ఒళ్ళో సంతకం పెట్టాల్సిన కాగితం. సైలెన్సరు తండ్రే అతను.

"నేను వద్దని రాయడానికే వచ్చాను, దాచుకోవడం దేనికి" అన్నాడు కూర్చుంటూనే. "వీటితో మావాడికి అబద్ధాలు ఇంకా సులువయ్యాయి."

గోడ మీద యంత్రం వ్యాసం పెద్ద అక్షరాల్లో వేలాడదీశారు. మొదటి జట్టు వచ్చి 'పచ్చని చెట్ల వరుస'ను ఎర్రగా కొట్టేసింది. మొత్తం చెట్లు నాలుగు, ఒకటి ఎండిపోయింది, ఇదిగో ఫొటో. ఫౌంటెన్ జట్టు పగిలిన నీళ్ళ గొట్టం ఫొటో చూపించి "ఇది లెక్కలోకి వస్తే యంత్రం చెప్పింది కరెక్టే సార్" అంది. హాలంతా గొల్లుమంది. రోడ్డు విశాలంగా ఉంటుందన్నది నిజమేనని ఇంకో జట్టు ఒప్పుకుని మార్కు వేసింది. 'ఎందుకు' కాలవ గొడవ చెప్పింది. పేర్లు చెప్పలేదు. చెప్పమని వెనక నుంచి ఎవరో అంటే "మాటిచ్చాను" అని ఊరుకుంది. భాషా మాస్టారు కుర్చీ అంచు మీదికి జరిగారు. "ఇది రాసుకోండిరా, ఇలా ఉంటుంది వ్యాసమంటే!" అని తొడ చరుచుకున్నారు. ఈ ఇరవై ఆరేళ్ళలో ఆయన ఇంత సంబరపడటం ల్యాబమ్మ చూడలేదు.

తొమ్మిదో వాక్యం సైలెన్సరు జట్టుది. 'ప్రతి ఇంటి ముందూ రంగురంగుల పూలమొక్కలు పలకరిస్తాయి.'

"తప్పు సార్!" అని అరిచాడు. "వీధి మొత్తంలో ఒక్కటే కుండీ ఉంది. మూలయింటి బామ్మగారి కిటికీలో."

"ఫొటో ఏదీ?" అన్నాడు తండ్రి.

వాడి గొంతు సగానికి పడిపోయింది. "చెరిపేశాను. తొందరలో ముందు తీసేశాను, తరువాత అడిగాను. బామ్మగారు వద్దన్నారు. జుట్టు దువ్వుకోలేదట. పోనీ కుండీ ఒక్కటే తీస్తామంటే అదీ వద్దన్నారు, పువ్వు నిన్ననే రాలిపోయిందని. అందుకని ఆవిడ ముందే చెరిపేశాను."

"విన్నారా?" డ్రైవరు హెడ్మాస్టరు వైపు తిరిగాడు. "ఇంట్లోనూ ఇంతే. హోంవర్కు ఏదిరా అంటే గాలికి ఎగిరిపోయింది నాన్నా అంటాడు. ఫొటో ఉంటే చూపించమనండి. లేదంటే ఇది కూడా ఆ ఫౌంటెన్ లాంటిదే."

బయట వ్యాను హారన్ మోగింది. చెప్పిన వేళ కంటే ముందే వచ్చింది. పిల్లలందరూ ఒక్కసారి కిటికీల వైపు చూశారు.

ల్యాబమ్మ గోడవార నుంచి కదిలింది. సైలెన్సరు చేతిలోని ట్యాబు తీసుకుని, రెండు చోట్ల నొక్కింది.

"ఉంది" అంది. "ఇందులో చెరిపినవి వెంటనే పోవు. నెల రోజులు ఒక మూల పడి ఉంటాయి."

"హమ్మయ్య! చూపించెయ్యండి ల్యాబమ్మా!" సైలెన్సరు ఎగిరి గంతేశాడు. డ్రైవరు చెయ్యి చాపాడు.

ట్యాబు ఆమె గుండెకు ఆనుకుని ఉంది. ఆమెకొక్కదానికే కనిపిస్తోంది: కిటికీ ఊచల వెనక రేగిన తెల్లజుట్టు, విసుగ్గా ఎత్తిన చెయ్యి, పక్కన మట్టికుండీ. పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం. జానెడు తిప్పితే చాలు, సంతకం పడుతుంది, వ్యాను వెళ్ళిపోతుంది, గది నిలుస్తుంది.

తిప్పలేదు. ట్యాబును సైలెన్సరు చేతుల్లోనే పెట్టింది.

"చెరిపేశానని బామ్మగారితో అన్నావు కదా నాన్నా. సగమే చెరిపావు. నీకు తెలియక. మిగతా సగం ఇదిగో, ఇక్కడ నొక్కాలి. నొక్కితే ఇంక రాదు." కాస్త ఆగి, "నొక్కేది నువ్వే. నేను నొక్కను" అంది.

తండ్రి చాచిన చేతిని చూశాడు సైలెన్సరు. కిటికీలోంచి వ్యానును చూశాడు. తన జట్టులోని ఇద్దరినీ చూశాడు. వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. పుట్టాక మొదటిసారేమో, వాడు చప్పుడు చేయకుండా ఒక పని చేశాడు. వేలు పెట్టి నొక్కాడు.

"పోయింది" అన్నాడు మెల్లగా. తరువాత తండ్రితో, "కానీ కుండీ ఉంది నాన్నా. కావాలంటే వెళ్ళి చూసి రా. అడిగి చూడు."

డ్రైవరు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతను కొడుకును, ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూశాడు.

"టీవీ రిమోటు ఎక్కడ దాచావురా అంటే పది కట్టుకథలు చెప్పేవాడు..." అన్నాడు ఎవరితోనూ కాకుండా. జేబు తడుముకున్నాడు. "మాస్టారూ, మీ పెన్నోసారి ఇస్తారా?"

"అది ఎర్ర సిరా అండీ."

"ఫరవాలేదు, చెల్లుతుంది" అన్నాడు, సంతకం గీకేస్తూ.

ఆ తరువాత హాల్లో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ సరిగ్గా వినపడలేదు. బల్లలు చరుస్తున్నారు, గెంతుతున్నారు. ఆ గోలలోనే పదో జట్టు గొంతు చించుకుని తన వాక్యం దిద్దింది. భాషా మాస్టారు తొమ్మిదో వాక్యం పక్కన సున్నా వేయలేదు, ఒకటీ వేయలేదు. చిన్న గీత గీశారు. "ఋజువు లేక తేలనిది తేలలేదని రాయడమూ చదువేరా" అన్నారు. అలా యంత్రానికి తొమ్మిదికి నాలుగొచ్చాయి. అడుగున ఆయన తన పాత అలవాటు కొద్దీ 'శ్రద్ధ చాలదు. వీధిలోకి వెళ్ళి చూసి రాయాలి' అని రాస్తే, పిల్లలు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు.

వ్యాను ఖాళీగా వెళ్ళింది.

గంట కొట్టాక 'ఎందుకు' ల్యాబులోకి రొప్పుకుంటూ వచ్చింది. "సోమవారం బస్‌స్టాండు దిద్దుదాం ల్యాబమ్మా! దాని గురించీ యంత్రం ఏదేదో రాసింది!"

"మాస్టారినడుగు తల్లీ. నీళ్ళ సీసాలు మాత్రం పెద్దవి తెచ్చుకోండి, అక్కడ ఎండెక్కువ."

"సరే!" అని ఆ పిల్ల అప్పటికే మెట్ల మీద ఉంది.

ఆమె ఒక్కొక్క ట్యాబూ తుడిచి, తీగలు గుచ్చి, బీరువాలో పెట్టింది. మూడోది గుచ్చగానే వెలిగింది. తాళంచెవి ఇవ్వడానికి వెళితే, హెడ్మాస్టరు లేచి నిలబడ్డారు.

"సోమవారం చిన్న సభ పెడదామనుకున్నామమ్మా. ఒక్క గంట వచ్చి వెళ్ళండి."

"వద్దు సార్. ఇవాళ అయింది కదా సభ. ఇంతకంటే ఇంకేం కావాలి?" అంది నవ్వుతూ. నిజంగానే ఆమె ముఖం వెలిగిపోతోంది. కళ్ళల్లో ఇంకా ఆ గోల తగ్గలేదు. "కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పండి, ఆ మూడోది కొంచెం బుజ్జగించాలి."

పక్క గేటు గుండా బయటికి వచ్చింది. వీధిలో పిల్లలు ఇంకా ఆ మార్కుల గురించే అరుచుకుంటూ పోతున్నారు. ఆమె వాళ్ళను దాటుకుని, ఎండిన చెట్టు దగ్గర రోడ్డు దాటి, మూల మలుపు తిరిగింది.

ల్యాబు కిటికీ గట్టు మీద ఒక తలపిన్ను ఉండిపోయింది. ట్యాబు బిగుసుకుపోతే పక్కనున్న సూదిబెజ్జంలో గుచ్చి లేపడానికి ఆమె జడలోంచి తీసి వాడుతూ వచ్చింది. దాని కాళ్ళలో ఒకటి వంకరగానే ఉంది, రెండోది తిన్నగా సాగి, అరిగి, సాయంత్రపు ఎండకు తళుక్కుమంటోంది.