నర్సింగం మాస్టర్ చెవి

నర్సింగం మాస్టర్‌కు మిషన్ల జబ్బు చెవితో తెలుస్తుంది. సూరత్‌లోని గోడాదరాలో ఆయన పనిచేసే కార్ఖానాలో నూట ఇరవై మరమగ్గాలు ఒక్కసారిగా టకటకలాడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అంత మోతలోనూ, నడుస్తున్నవాడల్లా టక్కున ఆగి, "మూడో లైన్ల ఏడోది చూడుండ్రి" అంటాడు. వెళ్ళి చూస్తే ఏడో మగ్గం పేక దారం తెగి ఆగిపోయి ఉంటుంది. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన ఈ ముప్పై ఏళ్ళలో ఆ చెవి ఒక్కసారి తప్పు చెప్పలేదని కార్ఖానాలో పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. పైకి మాత్రం అదేం పెద్ద సంగతి కాదన్నట్టు ఉంటాడు.

అంతటి మనిషి ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కంప్యూటర్ ముందు గొంతులో వెలక్కాయ పడ్డట్టు కూర్చున్నాడు.

అది కొన్న కంప్యూటర్ కాదు, కూతురు హారతి కట్టిన కంప్యూటర్. పిల్లలకు ట్యూషన్లు చెబుతూ ఒక నెల డబ్బా, ఒక నెల బోర్డు, ఇంకో నెల ఎవరో వాడి వదిలేసిన తెర, ఇలా ఎనిమిది నెలలు ఏరుకొచ్చింది. ఫోన్లో వీడియో చూసుకుంటూ చాప మీద పరిచి బిగించింది. ఆ రోజు స్క్రూలు పళ్ళెంలో పట్టుకుని పక్కన కూర్చున్నది నర్సింగమే. మొదటిసారి తెర వెలిగినప్పుడు కూతురికంటే ఆయనే ఎక్కువ పొంగిపోయాడు. ఏడాదిపాటు అది గుర్రంలా పరిగెత్తింది.

ఇప్పుడు, సరిగ్గా అవసరం పడ్డప్పుడు, మొరాయిస్తోంది.

మంగళవారం నాడు రింగ్ రోడ్డులోని ఒక చీరల డిజైన్ ఆఫీసు వాళ్ళు హారతికి పరీక్ష పని ఇచ్చారు. మూడు డిజైన్లు, ఒక్కోటి నాలుగు రంగుల్లో, శనివారం సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే తల్లి లింగవ్వ పక్కన చాప మీద కూర్చుని చీరలకు మెరుపు రాళ్ళు అతికించాలి. లింగవ్వ కళ్ళు ఆ పనితోనే పాడయ్యాయి. కూతురు ఆ చాప మీదికి రాకూడదని భార్యాభర్తలిద్దరికీ ఉంది, కానీ ఆ మాట ఒకరితో ఒకరు ఎప్పుడూ అనుకోలేదు.

ఆ వారం నర్సింగానికి రాత్రి పాళీ. పొద్దున ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోవాలి. బుధవారం నిద్ర లేచేసరికి హారతి తల పట్టుకుని కూర్చుంది.

"ఏమైంది బిడ్డ?"

"ఒక పువ్వు గీస్తే అది తెర మీద కనపడే వరకు చాయ్ తాగి రావచ్చు బాపు. గిట్లయితే మూడు డిజైన్లు దీపావళికి అయితయి."

నర్సింగం డబ్బా ముందు గొంతుక్కూర్చుని చెవి పెట్టాడు. ఏమీ వినిపించలేదు. ఇంతకుముందు ఇది పిచ్చుకల్లే కిచకిచమనేది, ఇప్పుడు అదీ లేదు. "మిషనైతే మంచిగనే ఉంది. ఎంత సాఫీగ ఉందో చూడు, కిక్కురుమంటలేదు" అని తేల్చాడు. సాఫీగా ఉన్న మిషను ఎందుకు నడవదో మాత్రం ఆయనకు అంతుబట్టలేదు. మగ్గం మెల్లగా నడిస్తే బెల్టు వదులైందంటాం, మోటారు కాలిందంటాం. ఇందులో బెల్టు లేదు. ఇందులో ఏం నడుస్తుందో, ఏది మెల్లగా నడుస్తుందో అడుగుదామంటే కూతురు మొహం చూసి నోరు రాలేదు.

హారతి చేతనైనవన్నీ చేసింది. అక్కర్లేని ఫైళ్ళు తీసేసింది. పాత ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. వైరస్ ఉందేమోనని వెతికించింది, ఆ వెతుకులాటకే ఒక పూట పోయింది, చివరికి ఏమీ లేదని వచ్చింది. నర్సింగానికి అంతా అయోమయంగా ఉంది. జబ్బు లేదట, కానీ ఒంట్లో బాగాలేదట.

గురువారం డబ్బా మూత తీసి ర్యామ్ పలకలు బయటికి లాగి, వాటి ఇత్తడి రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దింది. ఇది చూసి నర్సింగానికి ప్రాణం లేచొచ్చింది. రుద్దడం, తుడవడం, బిగించడం ఆయనకు అర్థమయ్యే పనులు. తనూ ఒక పలక తీసుకుని శ్రద్ధగా రుద్దాడు. డబ్బాలో పేరుకున్న దారపు నూగును హారతి నోటితో ఊదింది. ఊదుతూ ముక్కు కొంచెం ముడుచుకుంది. మళ్ళీ బిగించి వేస్తే పది నిమిషాలు దివ్యంగా నడిచింది. పదకొండో నిమిషానికి మళ్ళీ అదే నత్తనడక.

"మొదలు మంచిగ నడుస్తది, జర సేపైనంక పండుకుంటది" అంది హారతి. "ఏం చేసినా గిట్లనే."

ఈ మాట నర్సింగాన్ని మరీ తికమకపెట్టింది. ఆయన ఎరిగిన మిషన్లన్నీ దీనికి సరిగ్గా తలకిందులు. పాళీ మొదట్లో మగ్గం బిగుసుకుని మొండికేస్తుంది, గంటసేపు నడిచి ఒళ్ళు వేడెక్కాక దారికొస్తుంది. అందుకే తెలివైన మాస్టర్ మంచి బట్ట పనికి ముందు మగ్గాన్ని ఊరికే కాసేపు నడిపిస్తాడు. ఈ సంగతి గుర్తుకు రాగానే ఆయనకు దారి దొరికినట్టే అయింది. దీనికి వేడి చాలడం లేదు.

శుక్రవారం పొద్దున కార్ఖానా నుంచి రాగానే, హారతి స్నానం చేసొచ్చేలోపు కంప్యూటర్ వేశాడు. వేసి ఊరుకోకుండా పని కల్పించాలని మూడు సినిమా పాటల వీడియోలు ఒకేసారి పెట్టాడు. హారతి వచ్చి కూర్చునేసరికి అది ఆ పది నిమిషాలైనా నడవలేదు. మొదటి పువ్వు దగ్గరే చతికిలబడింది.

"ఎవరేసిండ్రు దీన్ని?"

"నేనే బిడ్డ. జర వేడెక్కుతదని."

హారతి ఆయన వైపు చూసింది. కోపం వచ్చింది, మింగేసింది. ఆ రోజంతా కష్టపడితే ఒక డిజైన్ పూర్తయింది, రెండోది సగం. సాయంత్రం నర్సింగం పాళీకి బయల్దేరుతుంటే హారతి తల్లితో మెల్లగా అంటున్న మాట ఆయన చెవిన పడింది.

"బాపును దీని జోలికి రావద్దని చెప్పవ్వా. మగ్గం వేరు, ఇది వేరు."

ఆ మాట ఆయన్ని రాత్రంతా కుమ్మింది. అబద్ధమైతే కోపం తెచ్చుకోవచ్చు. నిజమేనేమో అనిపించి బాధ కలిగింది.

శనివారం పొద్దున ఇంటికొచ్చి నిద్రపోకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జోలికి పోలేదు, దూరంగానే ఉన్నాడు. తొమ్మిదిన్నరకు హారతి తెర మూలన ఏదో చిన్న పెట్టె తెరిచింది. అందులో అంకెలు మారుతున్నాయి. ఎనభై ఆరు, తొంభై మూడు, తొంభై ఎనిమిది. అక్కడికొచ్చాక ఎర్రబడ్డాయి.

"అదేందో అడగొచ్చా?" అన్నాడు.

"వేడి, బాపు. లోపలున్న ప్రాసెసర్ వేడి."

"తొంభై ఎనిమిదంటే నీళ్ళు కాగే వేడి గద. కాలిపోదా?"

"కాలిపోవద్దనే మెల్లగ నడుస్తది. వేడి ఎక్కువైతే తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటది, పానం కాపాడుకోనీకి. నాకూ ఇప్పుడే తెలిసింది."

నర్సింగం నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళలో ఎన్నో మోటార్లు కాలిపోవడం చూశాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా తన ప్రాణం సంగతి చూసుకుంటూ మెల్లగా నడిచింది లేదు. మరి నిన్న పాటలు పెట్టి తాను దీన్ని ఏం చేసినట్టు? సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"చల్లబడనీకి ఏం లేదా దీనికి?"

"ఫ్యాన్ ఉంది గద లోపల. తిరుగుతనే ఉంటది."

నర్సింగం కళ్ళు మూసుకున్నాడు. అలవాటు కొద్దీ చెవి దానంతటదే పనిలోకి దిగింది. పక్క గల్లీలో మగ్గాల మోత. నెత్తిమీద సీలింగు ఫ్యాను. లింగవ్వ పక్కన టేబుల్ ఫ్యాను గరగర. వంటింట్లో కుక్కరు. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకు తోసేసి డబ్బా దగ్గరికి వచ్చాడు. అక్కడ ఏమీ లేదు. కిక్కురుమనడం లేదు.

నూట ఇరవై మగ్గాల్లో ఆగిపోయిన దాన్ని ఆయన పట్టుకునేది అది చేసే చప్పుడుతో కాదు, చెయ్యని చప్పుడుతో. అలాంటివాడు ఇంట్లో చప్పుడు చెయ్యని మిషనును చూసి సాఫీగా ఉందని బుధవారం నుంచీ మురిసిపోతున్నాడు.

"మూత తియ్యి బిడ్డ. బంద్ చెయ్యకు, నడుస్తుండంగనే తియ్యి."

ఆ గొంతు విని హారతి వెంటనే తీసింది. లోపల అరచేతంత ఫ్యాను రెక్కలు కదలకుండా ఉన్నాయి. ఇరుసు చుట్టూ నల్లటి జిగురు, అందులో దారపు నూగు ముద్దకట్టి ఉంది. హారతి పెన్సిలుతో రెక్కను తోస్తే సగం చుట్టు తిరిగి ఆగిపోయింది.

"ఈ జిగురెక్కడిది?" అంది హారతి.

నర్సింగానికి తెలుసు. కార్ఖానాకు సెలవొచ్చిన రోజున ఇంట్లో తిరిగే ప్రతిదానికీ నూనె చుక్క వేయడం ఆయనకు అన్నం తిన్నంత అలవాటు. కుట్టుమిషను, సైకిలు, తలుపు బందులు, లింగవ్వ టేబుల్ ఫ్యాను. నెల కిందట కంప్యూటర్ కిచకిచమంటుంటే, లోపల తిరిగేదేదో, అది ఎందుకు తిరుగుతుందో తెలియకపోయినా, ఇరుసు ఎండిందనుకుని మూత తీసి దానికీ వేశాడు. మగ్గానికి వేసే చిక్కటి నూనె. తర్వాతి మూడు సెలవులకూ మర్చిపోకుండా వేశాడు. కిచకిచ ఆగితే జబ్బు నయమైందనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, సైకిలుకు వేస్తే చెబుతామా?

చెప్పకపోయినా ఇప్పుడు గడిచిపోతుంది. దుమ్మనుకుంటుంది, పాతదైపోయిందనుకుంటుంది. మాస్టర్ పేరు ఇంట్లోనైనా నిలుస్తుంది. ఒక్క క్షణం ఆయనకు ఆ ఆశ కలిగిన మాట నిజం.

"నూనె, బిడ్డ. నేనే పోసిన" అన్నాడు. "నాలుగు సార్లు."

లింగవ్వ రాయి అతికించబోతూ చెయ్యి అలాగే ఆపింది. హారతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కేకలేస్తుందేమోనని ఆయన తల వంచుకున్నాడు.

"మొన్న ఊదినప్పుడు నూనె వాసన వచ్చింది బాపు" అంది హారతి. "నీ చేతుల వాసన అనుకున్న. మన ఇంట్ల అన్నిటికీ గదే వాసన గద."

ఇంతకంటే నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది నర్సింగానికి. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయి, ఆ చెయ్యి కూడా నూనె వాసనే కదా అని దించేశాడు.

పదిన్నరవుతోంది. ఫ్యాను విప్పి మట్టినూనెతో కడిగి చూశాడు, ఎంత చేసినా తిరగలేదు. కొత్తది తెద్దామంటే ఆ దుకాణాలు ఎక్కడో స్టేషను అవతల, వెళ్ళి వచ్చేసరికి పొద్దుపోతుంది. అప్పుడు ఆయన లేచి లింగవ్వ పక్కనున్న టేబుల్ ఫ్యాను వైరు పీకి తెచ్చాడు. దాన్ని పీట మీద పెట్టి, మూత తీసిన డబ్బాకు ఎదురుగా తిప్పి, ఫుల్లులో వేశాడు.

"మే నెలల మిషనుకు గాలి, మనుషులకు చెమట" అంది లింగవ్వ. అని, చీరలు సర్దుకుని వాకిట్లోకి పోయి కూర్చుంది.

తెర మూలన అంకెలు దిగసాగాయి. తొంభై, ఎనభై, డెబ్బై ఒకటి. హారతి ఒక పువ్వు గీసింది. గీసినంతసేపట్లోనే అది తెర మీద విచ్చుకుంది. ఆమె వెంటనే రెండో పువ్వు మొదలుపెట్టింది.

నర్సింగం ఆ రోజు పడుకోలేదు. పీట పక్కనే కూర్చుని, గాలికి కొట్టుకొచ్చే నూగు డబ్బాలో పడకుండా ఫ్యాను ముందర హారతి పలచటి ఓణీ ఒకటి అడ్డం పట్టుకున్నాడు. చేతులు మారుస్తూ ఆరు గంటలు పట్టుకున్నాడు. మధ్యలో ఒకసారి కునుకు పట్టి ఓణీ జారితే, హారతి తెర మీంచి చూపు తిప్పకుండానే ఎడమ చేత్తో దాన్ని పైకి లాగింది. ఐదింటికి పది నిమిషాలుండగా మూడు డిజైన్లూ ఆఫీసుకు పంపేసింది.

సోమవారం ఫోనొచ్చింది. రెండు నచ్చాయట, మూడోది ఆఫీసులోనే కూర్చుని దిద్దమన్నారట, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారట. విని నర్సింగం "మంచిది" అని మాత్రం అన్నాడు. గోడ వైపు తిరిగి చాలాసేపు సైకిలు తుడిచాడు.

మర్నాడు తండ్రీ కూతుళ్ళు కలిసి ఫ్యాను కొనడానికి వెళ్ళారు. దుకాణం అతను మూడు రకాలు బల్ల మీద పెట్టి, ఒకదాన్ని ముందుకు జరిపి హిందీలో గొప్పగా చెప్పాడు. "ఇది తీసుకో కాకా. రాత్రి పక్కనే పడుకున్నా వినపడదు. అసలు తిరుగుతుందో లేదో కూడా తెలీదు."

నర్సింగం దాన్ని వెంటనే వెనక్కి నెట్టేశాడు. మిగతా రెండూ తిప్పించి, ఒక్కొక్కటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అన్నిటికంటే చవకది కిచకిచమంటోంది. దాన్ని చూపించి, "ఇదియ్యి. చప్పుడు చేసేది" అన్నాడు.

దుకాణం అతను తాను తప్పు విన్నానేమోనని హారతి వైపు చూశాడు.

"బాపు చెప్పిందే ఇయ్యండి భాయ్" అంది హారతి. "మిషన్ల సంగతి ఆయనకు తెలుసు."