రోడ్డు పక్క గుట్ట

2004 మార్చిలో ఒక ఆదివారం ఉదయం, తాడేపల్లిగూడెం దగ్గరి ఒక పేటలో, చర్చిలో రెండో పాట పాడుతుండగా ఎనిమిదేళ్ల హెప్సిబాకు ఊపిరి అందలేదు. తల్లి పెర్సిస్ ఎత్తుకుని బయటికి తెచ్చింది. బయట ఆయాసం ఇంకా ఎక్కువైంది.

పేటకు దక్షిణాన రోడ్డు. రోడ్డు అవతల సత్యనారాయణమూర్తి కోళ్లఫారం. షెడ్ల కింద పోగైన పెంటను తవ్వి, ఎండబెట్టి, రోడ్డు పక్కన గుట్ట పోస్తారు. లోడుకు సరిపడా అయ్యాక లారీల్లో కొల్లేరు చేపల చెరువులకు ఎరువుగా తోలతారు. వేసవిలో దక్షిణం నుంచి వీచే పైరగాలికి గుట్ట మీది ధూళి పేటలోకి వస్తుంది. ఆ లారీల్లో ఒకటి తోలేది హెప్సిబా తండ్రి రూబెన్.

ఏలూరు డాక్టరు ఉబ్బసం అన్నాడు. ఇన్హేలర్ రాసి, పిల్లను కొన్నాళ్లు ఫారానికి దూరంగా ఉంచి చూడమన్నాడు. పెర్సిస్ వెళ్లి ఆ మాట సత్యనారాయణమూర్తికి చెప్పింది.

"మీ వంశంలో ఉందేమోనమ్మా. పాతికేళ్లుగా నేనూ ఈ గాలే పీలుస్తున్నాను. నాకేమైంది?"

"మీ ఇల్లు తాడేపల్లిగూడెంలో కదండీ. పొద్దుగూకితే మీరు అక్కడ పీలుస్తారు, మేం ఇక్కడ."

ఆయన నవ్వి, లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

హెప్సిబాను కొల్లేరు దగ్గరి మండవల్లిలో రూబెన్ తల్లి మార్తమ్మ దగ్గరికి పంపారు. పేటలో ఈగల వల్ల గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తాగడం అందరికీ అలవాటు. హెప్సిబా అక్కడా పాలు అలాగే తాగింది.

"ఇక్కడెవరూ లాక్కోరులేవే, చెయ్యి తియ్యి," అంది మార్తమ్మ.

ఏప్రిల్ సగానికి ఇన్హేలర్ అవసరం లేకపోయింది. పిల్లను అక్కడే బడిలో వేద్దామంది మార్తమ్మ. పెర్సిస్ ఒప్పుకోలేదు.

"నా పిల్ల నా ఇంట్లో ఉండాలి అత్తయ్యా. కదలాల్సింది గుట్ట."

ఆ నెలాఖరులో మండవల్లి చెరువు రైతు కృష్ణబాబు లోడు అడిగాడు. రూబెన్ లోడుతో వెళ్తూ, కూతుర్ని చూద్దామని తల్లి ఇంటి ముందు లారీ ఆపాడు. లోడు మీద టార్పాలిన్ లేదు. ఎప్పుడూ కట్టరు. హెప్సిబా పరుగెత్తి వచ్చి తండ్రిని కావలించుకుంది. అతని చొక్కా నిండా ధూళి. కాసేపటికి పిల్ల గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి.

"ఒరేయ్, ముందు ఆ బండి తియ్యరా! జబ్బును మోసుకొచ్చి గుమ్మంలో పెట్టావు," అని అరిచింది మార్తమ్మ.

ఇన్హేలర్ పీల్చాక పిల్ల కుదుటపడింది. రూబెన్ లోడు దించి, కాలవలో స్నానం చేసి, తన తండ్రి పాత చొక్కా వేసుకుని తిరిగి వచ్చాడు. హెప్సిబా అతని ఒళ్లో కూర్చుని అన్నం తింది. దగ్గలేదు.

మర్నాడు రూబెన్, పెర్సిస్ ఫారానికి వెళ్లారు. రూబెన్ లారీ తాళం బల్ల మీద పెట్టాడు.

"ఏంట్రా ఇది?" అన్నాడు సత్యనారాయణమూర్తి.

"గుట్ట అక్కణ్నుంచి తీయించండి. టార్పాలిన్ కట్టి తోలతాను. లేదంటే తోలనండి."

"ఇన్నాళ్లూ తోలింది నువ్వే కదరా!"

"ఆయ్, నేనేనండి. అందుకే తెలిసింది."

"వంశం అన్నారు కదండీ," అంది పెర్సిస్. "మా ఆయన వంశమంతా మండవల్లిలోనే ఉంది. పిల్ల అక్కడ బాగానే ఉంది, మీ లోడు వచ్చేదాకా."

"నాకు వేరే డ్రైవర్లు లేరనుకున్నారా?"

"ఉన్నారండి. రాజరత్నం, ఏసోబు బయటే నిలబడ్డారు. అడగండి," అన్నాడు రూబెన్.

సత్యనారాయణమూర్తి కిటికీలోంచి చూశాడు. ఫారం డ్రైవర్లు ఇద్దరూ పేటవాళ్లే. ఇద్దరి చేతుల్లోనూ లారీ తాళాలున్నాయి.

ఫోను మోగింది. కృష్ణబాబు ఇంకో లోడు కావాలన్నాడు.

"రెండ్రోజులు ఆగండి," అన్నాడు సత్యనారాయణమూర్తి. "ఇక్కడ గుట్ట మారుస్తున్నాం."

మే నెలలో గుట్టను తూర్పున కాలవ అవతలికి మార్చారు. లారీలకు టార్పాలిన్లు కొన్నారు. షెడ్లు అక్కడే ఉన్నాయి.

జూన్ మొదటి ఆదివారం, పేటకు తిరిగొచ్చిన హెప్సిబా చర్చిలో చివరి పాట దాకా కూర్చుంది. ఇన్హేలర్ తల్లి చేతిసంచిలో ఉంది. బయటికి తియ్యలేదు.