నంబరు వేసిన సంచులు

చోంగ్‌చింగ్‌లో, బల్ల మీదే మరిగే చారులో ముంచుకు తినే హాట్‌పాట్ హోటల్ మూతబడితే ముందుగా వచ్చేది పాత సామాన్లవాళ్లు. పొయ్యిలు, మధ్యలో కుండ దిగే చిల్లున్న బల్లలు, పొగ గొట్టాలు, గోడ గడియారం, అన్నీ ఊడబీకి లారీకెక్కిస్తారు. స్టోరు గదిలో మిగిలిన మసాలా దినుసులు కూడా ఆ బేరంలోనే పోతాయి. అందుకే ఫ్లైఓవర్ కింద షియాంగ్ బాబాయ్ దుకాణంలో, తుప్పు పట్టిన ఫ్రిజ్‌ల వెనక, ఎండుమిరపకాయలు, అనాసపువ్వు, నాలుక తిమ్మిరెక్కించే హువాజావ్ గింజలు బస్తాల్లో దొరుకుతాయి. బజారు ధరలో మూడోవంతుకే ఇస్తాడు. మా అమ్మ నూడుల్స్ బండి ఆరేళ్లుగా ఆ బస్తాల మీదే నడుస్తోంది.

అక్కడ కొనేవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. గింజలే కొనాలి, పొడి కొనకూడదు. నంబరు వేసిన పొడి సంచినైతే అసలు ముట్టుకోకూడదు. మసాలా వేయించే మాస్టరు తన ఇంట్లో తలుపులు వేసుకుని దంచి, ఏ సంచిలో ఏముందో యజమానికి కూడా తెలియకుండా, నంబర్లు మాత్రం వేసి తెచ్చుకునే సరుకది. ఆ గుట్టు దాగినన్నాళ్లే అతని ఉద్యోగం.

ఇది నాకు తెలుసు. తెలిసే కొన్నాను. రోజూ సాయంత్రం రోకలి పట్టీ పట్టీ అమ్మ కుడి భుజం పైకి లేవడం మానేసింది. ఆ వారం షియాంగ్ బాబాయ్ దగ్గరికి ఏడు సంచులు వచ్చాయి. మూడు తీసుకున్నాను. నంబర్లున్న గుడ్డను కాల్చేసి, పొడిని డబ్బాల్లో పోసి, మిల్లులో పట్టించానని అమ్మకి అబద్ధం చెప్పాను. అమ్మ వాసన చూసి, "మిల్లువాడు మంచోడేనే పెయ్‌లాన్," అంది.

తొమ్మిదో రోజు పొద్దున ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. నూనె చిట్లి చిట్లి ముంజేతులు మచ్చలు పడి ఉన్నాయి. మూడో ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. గిన్నె కింద పెట్టి, బండి చుట్టూ తిరిగి వచ్చి అమ్మ కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిని ఉల్లికాడలు తరిగే చెక్క మీద అదిమి, మా కత్తే అందుకున్నాడు.

"అక్కా, నా మూడో నంబరు నీకెవరిచ్చారు?"

"ఏం మూడో నంబరయ్యా? వదులు, అక్కడ నూడుల్స్ మెత్తబడిపోతున్నాయి."

కత్తి వీపుతో ఆమె వేళ్ల మీద ఒక్కటేశాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. అమ్మ గట్టిగా గాలి పీల్చుకుంది. తింటున్నవాళ్లు బల్లలు తోసుకుంటూ లేచారు. ఒకాయన గిన్నెతో సహా పారిపోయాడు.

"ఆమెకేం తెలీదు," అన్నాను. "షియాంగ్ దుకాణంలో మూడు సంచులు నేనే కొన్నాను. నంబర్లు కాల్చేసి డబ్బాల్లో పోశాను."

అమ్మ నావైపు చూసిన చూపు ఆ దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

"నేను క్వాంగ్ మాస్టర్‌ని," అన్నాడతను. "మా యజమాని రాత్రికి రాత్రి తాళమేసి హోటలంతా అమ్మేశాడు. నా పొడి కూడా. అందులో ఏముందో పదిహేడేళ్లు మా ఆవిడకి కూడా చెప్పలేదు నేను. నీ బండి దగ్గర ప్రతి రిక్షావాడూ నాకుతున్నాడు." కత్తిని ఇటు తిప్పి పదును అమ్మ మణికట్టుకి ఆనించాడు. "నీ మూడు డబ్బాలూ ఇక్కడ పెట్టు. మిగతా నాలుగు సంచులూ తే. గంటలో రాకపోతే ఈ చెయ్యి చారులో ఉడుకుద్ది."

"పోలీసుల్ని పిలవండర్రా," అన్నారెవరో వెనక నుంచి.

"పిలువు. వాళ్లొచ్చేలోపు కత్తి ఒకసారి దిగితే చాలు నాకు."

నేను పరుగెత్తాను.

షియాంగ్ బాబాయ్ దుకాణంలో నాలుగు సంచులూ ఫ్రిజ్ మీద పేర్చి ఉన్నాయి. అతను టీ తాగుతున్నాడు.

"అవి కావాలి బాబాయ్. ఎంతైనా సరే. అమ్మ చెయ్యి నరికేస్తానంటున్నాడు క్వాంగ్ మాస్టర్."

"అమ్మేశానమ్మా. కొత్త హోటలాయన మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్తాడు. ఆ పొడి విలువ ఆయనకి తెలుసు."

"అమ్మ చెయ్యి బాబాయ్."

"రెండోది ఉందిగా," అని నవ్వాడు.

నేను సంచుల మీద చెయ్యి వేశాను. అతను గ్యాసు గొట్టం తీసి నా వీపు మీద బాదాడు. పొయ్యిల మీద బోర్లా పడ్డాను, పళ్లు కింది పెదవిలో దిగాయి. రెండోసారి గొట్టం ఎత్తినప్పుడు చేతికందిన ఇనప మూకుడుతో మోకాలి మీద కొట్టాను. వంగాడు. చెవి మీద కొట్టాను. టీ గ్లాసు మీద పడ్డాడు. మళ్లీ కొట్టాల్సిన పని లేదు. అయినా కొట్టాను. చెవి సగం వేలాడింది. ఆరేళ్లుగా కొసరు వేసి పంపిన మనిషి, "పెయ్‌లాన్, చాలమ్మా," అన్నాడు. సంచులు భుజాన వేసుకుని వచ్చేశాను.

బండి దగ్గర ఇద్దరూ అలాగే ఉన్నారు. క్వాంగ్ మాస్టర్ నా మొహం మీది రక్తం చూసి, సంచులు చెక్క పక్కన పెట్టమన్నాడు. ఒక చేత్తో కత్తిని అమ్మ మణికట్టు మీద అదిమి పట్టుకునే, రెండో చేత్తో ఒక్కో సంచి మూతి విప్పి వాసన చూశాడు. తర్వాత నాలుగింటినీ, మా మూడు డబ్బాలనూ మరుగుతున్న పెద్ద కుండలో గుమ్మరించాడు.

ఆవిరి ఎర్రగా లేచింది. వీధి ఆ చివరిదాకా దగ్గు. కళ్లు తెరవలేకపోయాం.

"ఇంక ఎవడి దగ్గరా లేదు," అన్నాడు. "నేను మళ్లీ దంచుకుంటా."

అమ్మ చెయ్యి వదిలాడు. కత్తి చెక్క మీద పెట్టాడు. వెనక్కి తిరిగి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని నడిచాడు.

చెయ్యి దక్కింది. మణికట్టు మీద గీత పడి రక్తం కారుతోంది, రెండు వేళ్లు పక్కకి వంగి ఉన్నాయి, అంతే. నేను ఊపిరి వదిలేలోపే అమ్మ ఆ చేత్తోనే గరిటెడు మరిగే చారు ముంచి అతని వీపు మీద విసిరింది. అతను మోకాళ్ల మీద కూలాడు. ఇంకో గరిటె మెడ మీద పోసింది. చొక్కాతో పాటు చర్మం జారింది. మూడో గరిటెకి నేను ఆమె నడుం పట్టుకున్నాను.

"వదలవే. ఏడు కావాలన్నాడుగా. ఇంకా అయిదున్నాయి."

"అమ్మా, చస్తాడు."

"ముందు అతను, తర్వాత నువ్వు," అంది నావైపు చూడకుండా.

పోలీసు వచ్చేసరికి క్వాంగ్ మాస్టర్ రోడ్డు మీద బోర్లా పడి ఉన్నాడు. పోలీసు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "ఎవరు పోశారు?"

"కుండ బోల్తా పడింది," అన్నాడు క్వాంగ్ మాస్టర్.

"కుండ నిలబడే ఉందిగా?"

"పడింది. మళ్లీ లేపారు."

"ఆమె వేళ్లో?"

"కుండ పట్టుకోబోయి విరగ్గొట్టుకుంది."

"ఈ ఘాటేంటి? ఏం కలిపారందులో?"

"మిరపకాయలు," అన్నాడు. నొప్పికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "ఉత్త మిరపకాయలు. ఇంకేం లేవు."

అమ్మ చారు ఎందుకు పోసిందో చెప్పాలంటే పొడి సంగతి చెప్పాలి. పొడి సంగతి చెబితే అందులో ఏముందని అడుగుతారు, రాసుకుంటారు. అంతకన్నా వీపు పోవడమే నయమనుకున్నాడు. పోలీసు నావైపు తిరిగాడు. షియాంగ్ బాబాయ్ గురించి ఇంకా ఎవరూ అడగలేదు.

"కుండ పడింది," అన్నాను.

కాగితం రాసి మా ముందు పెట్టాడు. నేను సంతకం చేశాను. అమ్మని వేలిముద్ర వెయ్యమన్నాడు. కుడి చెయ్యి అప్పటికే వాచిపోయింది. ఎడమ బొటనవేలు ఎర్ర సిరాలో ముంచి వేసింది.