మారాడని చెప్పారు

చిట్టి భర్త లిఫ్టు మెకానిక్. పెద్ద భవనాల్లో ఎక్కడ లిఫ్టు మొరాయించినా ముందుగా మోగేది అతని ఫోనే. తలుపులు తెరిచి, ఆ నిలువు గోతిలోకి దిగి, గ్రీజు పూసిన తాళ్ల మధ్య నిలబడి పనిచేయడం అతనికి అలవాటే. అలవాటు కానిది చిట్టికి. పెళ్లయిన కొత్తలో భర్త పని ఎలా ఉంటుందో చూద్దామని సరదాగా వెళ్లి, ఆ గోతిలోకి తొంగి చూసి, గోడ పట్టుకుని కూలబడింది. అప్పటినుంచి అతను పనికి వెళ్లిన ప్రతిసారీ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకునే ఉండేది.

ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టాక ఆ భయం తగ్గుతుందనుకుంది. తగ్గకపోగా దానికి ఇంకోటి తోడైంది. ఇదివరకు అతను పడిపోతాడేమోనని భయం. ఇప్పుడు, యేసును నమ్మకుండానే పడిపోతే ఆ తర్వాత ఏమవుతాడోనని భయం. ఈ రెండోది అతనికి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నవ్వేస్తాడు.

అతను చెడ్డవాడేం కాదు. ఆదివారం ఆమెను బండి మీద మందిరం దాకా దింపేవాడు. మందిరమంటే టైర్ల కొట్టు పైన అద్దెకు తీసుకున్న హాలు. లోపలికి రమ్మంటే మాత్రం, "నువ్వెళ్లు. నా వాటా కూడా నువ్వే అడిగేయ్" అనేవాడు.

పాస్టరు మంచి మాటకారి. ఆయన చెప్పే వాటిలో చిట్టి చెవులు రిక్కించి వినేది ప్రభువు వైపు మారిన భర్తల సాక్ష్యాలు. అందులోనూ క్రేను డ్రైవరు కథంటే ఆమెకు ప్రాణం. ఆ డ్రైవరు కోపంతో భార్య బైబిలు చించి మురిక్కాలవలో పారేశాడు. ఆమె పల్లెత్తు మాట అనకుండా మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించింది. మూడో రోజున గాలివాన. క్రేను మీద ఒంటరిగా చిక్కుకుపోయిన డ్రైవరు, "నా భార్య నమ్మిన దేవా, నన్ను దించు" అని అరిచాడు. గాలి ఆగింది. తడి బట్టలతో తిన్నగా మందిరానికి వచ్చి మోకరించాడు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి పాస్టరు గొంతు పూడుకుపోయేది. హాల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకునేవారు.

చిట్టి కూడా మూడు రోజులు ఉపవాసం ఉంది. ఆ మర్నాడు భర్త ఆమె ముఖంలోకి చూసి, "నీరసంగా ఉన్నావేంటి, డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అన్నాడు. అంతకు మించి అతనిలో ఏ మార్పూ రాలేదు. లోపం తన విశ్వాసంలోనే ఉందనుకుంది చిట్టి.

ఆమె పనిచేసేది బడి యూనిఫారాలు కుట్టే చోట. కాలర్లు కుడుతూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాస్టరు పాత ప్రసంగాలు వినేది. ఒక రోజు అలా వింటుంటే క్రేను డ్రైవరు కథ వచ్చింది. కానీ అందులో గాలివాన లేదు. మండుటెండలో డ్రైవరుకు కళ్లు తిరిగాయి. బైబిలు చించలేదు, పొయ్యిలో వేశాడు. పైగా ఆ డ్రైవరు పాస్టరుకు స్వయానా బాబాయట.

చిట్టి మిషను ఆపి, వెనక్కి జరిపి మళ్లీ విన్నది. వానా ఎండా అంటే మర్చిపోయి ఉంటారు, మనిషన్నాక మరుపు సహజం అని సర్దిచెప్పుకుంది. కానీ సొంత బాబాయో కాదో ఎవరైనా మర్చిపోతారా? ఇలా అనుమానించడం కూడా పాపమేమో. ఈ అనుమానం వల్లే భర్త మారడం లేదేమో. మధ్యాహ్నానికి ఆమె కుట్టిన కాలర్లు రెండు తిరగబడి ఉన్నాయి. సూపర్‌వైజరు అవి ఆమె ముందు పడేసి, "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావమ్మా?" అంది.

ఆ డ్రైవరు భార్య ఎవరో తెలుసుకోవడం పెద్ద కష్టం కాలేదు. పాస్టరు భార్యను అడిగితే, "ఆమెనా? బస్టాండు పక్క బేకరీలో పనిచేస్తోంది. వెళ్లి కలువు, బలపడతావు" అని సంతోషంగా చెప్పింది.

బేకరీ వెనక గదిలో ఒక నడివయసు మనిషి బ్రెడ్డు ముక్కలు కవర్లలో పెడుతోంది. చిట్టి తను ఏ మందిరం నుంచి వచ్చిందో చెప్పగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"నువ్వూ ఉపవాసం సంగతి అడగడానికే వచ్చావా?"

"అవునక్కా. నేనూ ఉన్నాను. మా ఆయన మారలేదు."

"మా ఆయనా మారలేదమ్మా."

"మరి బైబిలు చించారంట కదా?"

"చించడమా! ఒకసారి పొరపాటున నా కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొడితేనే వారం పాటు తల దించుకు తిరిగాడు. బైబిలు జోలికెందుకు పోతాడు? వానలో క్రేను మీద చిక్కుకుంది మాత్రం నిజం. దిగాక నన్ను తీసుకెళ్దామని తడిసి ముద్దై మందిరానికొచ్చాడు. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పెద్దాయన కదా అని తల వంచాడు. అంతే."

"బాబాయి అంటే..."

"ఎవరికి బాబాయి? అదీ చెప్పారా?" ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "ఇలా చెబుతున్నారేంటండీ అని నేను అడిగానమ్మా. 'జరగబోయేదాన్ని జరిగినట్టు చెప్పడమే విశ్వాసం' అన్నారు. నాకూ ఆశ పుట్టింది. నిజంగానే జరుగుతుందేమోలే అని నోరు మూసుకున్నాను. తర్వాత నీలాంటివాళ్లు రావడం మొదలైంది. ఒకామె నెలలు నిండిన కడుపుతో ఉపవాసం ఉండి ఆస్పత్రి పాలైంది. ఆమె ముఖం చూడలేక ఆ మందిరానికి వెళ్లడమే మానేశాను."

"ఆయన కోసం ఇప్పుడు ప్రార్థన చెయ్యట్లేదా?"

"ఎందుకు చెయ్యను? రోజూ చేస్తాను" అంటూ ఆమె మళ్లీ కవరు అందుకుంది.

ఆ సంగతి చిట్టి ఎవరికీ చెప్పలేదు. చెబుదామంటే, కొత్తగా వచ్చిన ఆడవాళ్లు ఆ కథ వింటూ కళ్లు తుడుచుకోవడం కనిపించేది. చెప్పకుండా ఉందామంటే అన్నం సహించేది కాదు.

అలా ఉండగా భర్తకు ప్రమాదం జరిగింది. లిఫ్టు పైన నిలబడి పనిచేస్తుంటే బ్రేకు పట్టు తప్పి అది కిందికి జారింది. అతను గబుక్కున చేయి చాచి ఆపే బటన్ నొక్కాడు. మోచేయి గీరుకుపోయింది, అంతే. కబురు విన్న చిట్టి మాత్రం ఏమీ ఆలోచించకుండా పాస్టరుకే ఫోన్ చేసింది. "అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి" అని ఏడ్చింది. ఆయన ఉన్నపళంగా ఇంటికి వచ్చి, కట్టు కట్టిన చేయి పట్టుకుని ప్రార్థించాడు. భర్త మర్యాదగా కళ్లు మూసుకున్నాడు, టీ ఇచ్చాడు, బండి దాకా వెళ్లి సాగనంపాడు.

ఆదివారం పాస్టరు మైకు అందుకుని, "మన మధ్యే ఒక సహోదరి ఉంది. ఆమె భర్త లిఫ్టు మెకానిక్" అన్నాడు. లిఫ్టు తాడు తెగిపోయిందట. అతను "యేసయ్యా" అని కేక వేశాడట. లిఫ్టు గాలిలో ఆగిపోయిందట. ఆ సాయంత్రమే కన్నీళ్లతో ప్రభువును ఒప్పుకున్నాడట. హాలు "స్తోత్రం" అని దద్దరిల్లింది. పక్కనున్నవాళ్లు భుజం తట్టారు. చిట్టి తల ఊపింది. ఊపుతున్నానని ఆమెకే తర్వాత తెలిసింది.

ఆ ప్రసంగం ఫోన్ల మీద ఊరంతా తిరిగింది. రెండు రోజుల తర్వాత భర్త ఇంటికి వస్తూనే సంచి కింద పడేశాడు.

"తాడు తెగిందని ఎవరు చెప్పారు?"

చిట్టి సంచి తీసి బల్ల మీద పెట్టింది.

"తాడు తెగితే నేనీపాటికి నీ ముందుంటానా? తాళ్లు మార్చిందే నేను. ఇప్పుడు కంపెనీలో అందరూ నన్నే అడుగుతున్నారు, నువ్వేసిన తాడు తెగిందంట కదా అని. పైగా నేను ఏడ్చానంట! నువ్వు చెప్పావా?"

"నేను ప్రార్థన చెయ్యమన్నానంతే. ఒట్టు."

"మరి కాదని ఎందుకు చెప్పలేదు?"

అతను గొంతు తగ్గించాడు. "చిట్టీ, నీ దేవుణ్ణి నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా? నేను లేనప్పుడు నా నోట్లో మాటలు పెడితే ఎలా?"

మర్నాడు చిట్టి పని నుంచి తిన్నగా మందిరానికి వెళ్లింది. పాస్టరు ఒక్కడే నేల మీద కూర్చుని స్పీకరు వైర్లు చుట్టుకుంటున్నాడు.

"అయ్యగారూ, మా ఆయన మారలేదు. తాడు తెగలేదు. క్రేను డ్రైవరుగారు కూడా మారలేదు."

వైరు చుడుతున్న చేయి నెమ్మదించింది. "మారతారమ్మా. మనం ముందుగా నమ్మితే..."

"నమ్ముతాను. కానీ మారారని చెబితే అబద్ధమవుతుంది కదండీ. మీరు చెప్పింది విని నేను ఆకలితో పడి ఉన్నాను. నాలోనే ఏదో లోపం ఉందని రోజూ ఏడ్చాను."

ఆయన వైరు చుట్ట పక్కన పెట్టాడు. మాట్లాడినప్పుడు మైకు ముందు వినిపించే గొంతు కాదది.

"మా నాన్న ఆఖరి క్షణంలో ప్రభువును ఒప్పుకున్నాడని చెబుతుంటాను కదా. ఒప్పుకోలేదమ్మా. నా చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. ఏమనబోయాడో తెలీదు. ఆ తర్వాత ఏమయ్యాడోనని రాత్రుళ్లు నిద్రుండేది కాదు. ఒప్పుకున్నాడని మొదటిసారి చెప్పిన రోజు నాకు నిద్ర పట్టింది."

చిట్టికి జాలేసింది. జాలితో పాటు భయమూ వేసింది. ఇంత చెప్పే మనిషికే ఇంత భయముంటే తన గతేమిటి?

"మా ఆయన సంగతి మాత్రం సరిచెయ్యండి. ఆయన పనికి మాటొస్తోంది" అంది. "చూద్దాంలే" అన్నాడాయన.

ఆదివారం ప్రసంగం అయిపోయింది కానీ ఆ ఊసే రాలేదు. సాక్ష్యాలు చెప్పేవాళ్లను లేవమన్నప్పుడు చిట్టి లేచింది. మైకు ఇస్తుంటే వద్దంది.

"ఆ లిఫ్టు మెకానిక్ మా ఆయనే. తాడు తెగలేదు. బ్రేకు జారితే ఆయనే ఆపాడు. దేవుడు కాపాడాడని నేను నమ్ముతున్నాను. ఆయన నమ్మట్లేదు. ఇంకా మారలేదు. ప్రార్థన చెయ్యండి" అని కూర్చుంది.

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు మైకు చేతులు మార్చుకుని, "చెల్లెమ్మ చెప్పింది నిజం. నేను చెప్పింది తప్పు" అన్నాడు. తండ్రి గురించి ఏమీ అనలేదు. వెంటనే పాట అందుకున్నాడు.

మెట్లు దిగుతుంటే పెద్దాయన ఒకాయన, "ఇంటి గుట్టు ఇలా బయట పెట్టుకుంటారా అమ్మా?" అని విసుక్కుంటూ వెళ్లిపోయాడు. ఎప్పుడూ పక్కన కూర్చునే ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. టైర్ల కొట్టు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఎవరో చేయి పట్టుకుని ఆపారు. చూస్తే, మందిరంలో పాటలు పాడే నర్సు. పోయిన ఏడాది భర్త మారాడని సాక్ష్యం చెప్పి అందరి చేతా చప్పట్లు కొట్టించుకున్న మనిషి.

"మా ఆయన కూడా మారలేదక్కా" అంది లోగొంతుకతో. "అందరూ అడిగి అడిగి చంపుతుంటే మారాడని చెప్పేశాను. ఆ రోజు నుంచీ ఆయన ఎక్కడ ఎవరి కంట పడతాడోనని చస్తున్నాను. ఒక్కసారి మా ఇంటికి రావా? ఆయనకు నేనింకా చెప్పలేదు. ఒక్కదాన్నే చెప్పలేను."

ఆ సాయంత్రమే చిట్టి వెళ్లింది. నర్సు భర్త బనీను వేసుకుని కుర్చీ బాగుచేసుకుంటున్నాడు. నర్సు చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అతను సుత్తి పక్కన పెట్టి అంతా విన్నాడు.

"అంటే, నేను మారినట్టు ఊరందరికీ తెలుసు, నాకే తెలీదన్నమాట" అన్నాడు. "మొన్న బజార్లో ఎవరో వాటేసుకుని 'సహోదరా' అంటే, పాత బాకీ వసూలుకొచ్చాడేమోనని పారిపోయాను."

నర్సు ఏడుపు మధ్యలోనే నవ్వింది. చిట్టీ నవ్వింది. అతను నవ్వలేదు. "కోపం రాలేదనుకోకు, వచ్చింది" అని భార్యతో అని, లోపలికి వెళ్లి చిట్టికి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆడవాళ్లిద్దరూ ముందుగదిలో ప్రార్థనకు కూర్చుంటే, సుత్తి చప్పుడు చేయకుండా కుర్చీని పెరట్లోకి పట్టుకుపోయాడు.

ఏమని అడగాలో ఇద్దరికీ చాలాసేపు తోచలేదు. చివరికి చిట్టి, భర్త మర్నాడు వెళ్లబోయే పన్నెండంతస్తుల భవనం పేరు చెప్పి, అతన్ని క్షేమంగా దించమని అడిగింది. అతన్ని మార్చమని కూడా అడగబోయింది. ఆ మాట మాత్రం అనకుండా ఆపేసింది. నర్సు ఆమె చేయి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకునే ఉంది.