వేగుచుక్క పొడవెంత?

"చెయ్యి బయటికి తియ్యండి! మీకే చెబుతున్నా!"

అభిమానుల సంఘం అధ్యక్షుడి అరుపుకి హాలంతా ఒక్కసారిగా అటు తిరిగింది. ఆమె మాత్రం చెయ్యి తియ్యలేదు. మోచేతి దాకా గాజుపెట్టెలోకి దూర్చి, ఆరడుగుల నౌక తోక దగ్గర వైర్లు దూరే కంతలోకి పెన్ను టార్చి పోనిస్తోంది.

"ముప్పై ఐదేళ్ళ నాటి నమూనా! గీత పడితే ఎవరు జవాబు చెబుతారు?"

"నేను చెబుతాను సార్. కట్టుడు పళ్ళు చేసే చేతులివి. గోరంత గీత కూడా పడనివ్వను."

గోడ గడియారంలో నాలుగు కావడానికి పది నిమిషాలుంది. నాలుగింటికి సంఘం పుస్తకం మీద ఓటింగ్. అది అయిన మరుక్షణం కొలతల పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. అందులో పన్నెండో పేజీలో ఒక వాక్యం ఉంది: 'రూపకర్త అజాగ్రత్త వల్ల నౌక కొలతలు గందరగోళమయ్యాయి.' ఆ రూపకర్త ఆమె బాబాయి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ముందు వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, శిక్ష వినడానికి వచ్చినవాడిలా. ఆ వాక్యం ఎగిరిపోయేదాకా హాలు దాటనని ఆమె పొద్దున్నే ఒట్టు పెట్టుకుంది.

గొడవంతా కిటికీల మీద. పాత టీవీ సీరియల్ మొదటి సీజన్‌లో వేగుచుక్క అనే అంతరిక్ష నౌకకి ఏడు వరసల కిటికీలు. వరసకో అంతస్తు, అంతస్తుకి మూడు మీటర్లు. ఎత్తుకి పదింతలు పొడవు కాబట్టి నౌక రెండువందల పది మీటర్లు. బాబాయి గీసిన డ్రాయింగులోనూ అంతే. రెండో సీజన్ మొదలయ్యేసరికి అదే నౌకకి పద్నాలుగు వరసలు వచ్చేశాయి! అంటే నాలుగువందల ఇరవై మీటర్లు. అప్పటి నుంచి అభిమానుల సంఘం రెండుగా చీలింది. చిన్న నౌక వాళ్ళూ పెద్ద నౌక వాళ్ళూ ఒకరి ఇంట్లో పెళ్ళికి ఇంకొకరు వెళ్ళరు.

"మధ్యలో మరమ్మతు చేసి పెంచారేమో!" వెనక నుంచి ఎవరో అన్నారు.

"నౌకేమైనా గుమ్మడికాయా, సీజన్ సీజన్‌కీ ఊరడానికి?"

"నీ బుర్ర ఊరలేదుగా, అది చాలు!"

నవ్వులు. బల్ల మీద చరుపులు. అధ్యక్షుడు రిటైరైన లెక్కల మాస్టారు. పెద్ద నౌక వర్గానికి పెద్దదిక్కు. అందరూ ఆయన్ని వెనకాల 'కొలబద్ద' అంటారు. కవర్ పేజీ ఫొటో కోసం ఆ గాజుపెట్టె తాళం తీసింది ఆయనే. ఫొటోగ్రాఫర్ అటు తిరిగాడో లేదో ఈమె చెయ్యి పెట్టేసింది.

"లైట్లు ఆర్పండి. ఒక్క నిమిషం. కర్టెన్లు కూడా," అందామె.

"ఎందుకు?"

"మీరు ఇన్నేళ్ళుగా కిటికీలు లెక్కపెట్టారు సార్. ఎవరైనా వాటి లోపలికి తొంగిచూశారా?"

కొలబద్ద లెక్క అంటే చెవి కోసుకుంటాడు. ఒక్క క్షణం తటపటాయించి స్విచ్చుల వైపు చెయ్యి ఊపాడు. హాలు చీకటైంది. నౌక కడుపులో టార్చి వెలిగింది.

ఒక వరస వెలిగింది. దాని కింది వరస వెలగలేదు. ఆ కిందది వెలిగింది. ఎవరో పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "...ఐదు, ఆరు, ఏడు." అక్కడితో ఆగిపోయింది.

"ఏడిటికే కంతలున్నాయి," ఆమె గొంతు గట్టిగా పలికింది. "మిగతా ఏడూ కిటికీలు కావు, రంగు. పైన కుంచెతో పూసినవి. డ్రాయింగు మారలేదు. మా బాబాయి తప్పు గీయలేదు."

లైట్లు వెలిగాయి. చిన్న నౌక వర్గం ఈలలు వేసింది. కొలబద్ద మొహం మాత్రం మారలేదు.

"రంగు అని ఒప్పుకున్నాను. కానీ వెయ్యమని చెప్పింది ఆయనే కాదని గ్యారంటీ ఏమిటి? మన నియమం మీకు తెలుసు. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎందుకు. ఈ మూడూ లేకుండా పుస్తకంలో అక్షరం మార్చం. 'ఎవరో వేశారు' అంటే కుదరదు. ఆరు నిమిషాలుంది."

ఆమె బాబాయి దగ్గరికి పరుగెత్తింది. "ఎవరు బాబాయ్? నీకు తెలుసు కదా!"

"వదిలెయ్ తల్లీ," ఆయన నేల చూపులు చూశాడు. "ముసలాణ్ణి. ఒక వాక్యం మోస్తే నా వీపేం విరగదు."

"నువ్వు మోస్తావేమో. నేను మోయనివ్వను."

మళ్ళీ పెట్టె దగ్గరికొచ్చి, జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుంది. పసుపు రంగు కిటికీలు. ప్రతి దాని కుడి పైమూలలో ఆవగింజంత తెల్లచుక్క. ల్యాబులో తను చేసే ప్రతి పంటి మీదా అదే చుక్క, అదే మూల పెడుతుంది. అది లేకపోతే పన్ను చచ్చినట్టుంటుందని చిన్నప్పుడు కుంచె పట్టించి నేర్పిన మనిషి, పెళ్ళికి ముందు ఈ నౌక తయారైన వర్క్‌షాపులోనే రోజుకూలీకి రంగులు వేసిన మనిషి, ఇప్పుడు రెండో వరసలో చేతిసంచీ గుండెకి అదుముకుని కూర్చుంది.

వరండాలోకి లాక్కెళ్ళి నిలదీసింది. "అమ్మా, నువ్వేనా?"

తల్లి కిటికీ చువ్వలు పట్టుకుంది.

"రెండో సీజన్ మొదటి రోజు లోపలి బల్బులు కాలిపోయాయే. గంటలో షూటింగ్. నౌక చూస్తే శవంలా ఉంది. ఇంకొన్ని కిటికీలు వెలుగుతున్నట్టు కనబడితే బాగుంటుందని వేశాను. ఒక్క షాటే కదా అనుకున్నా. అది కాస్తా టీవీలో వచ్చేసింది, ఇక తుడవొద్దన్నారు. నా పేరు బయటికొస్తే పని పోయేది. మీ బాబాయి 'నేనే మార్చా' అన్నాడు. మీ నాన్నకి నన్ను చూపించింది కూడా ఆ తర్వాతే."

"ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నావా?"

"కిటికీలు లెక్కపెట్టేవాళ్ళు ఉంటారని ఎవరికి తెలుసే!" కళ్ళు తుడుచుకుంది. "తర్వాత భయమేసింది. వీళ్ళు ఎంత తిట్టారో విన్నావుగా. మీ బాబాయి మంచివాడు కాబట్టి పడ్డాడు. నేను పడలేను."

"పడాలి అమ్మా. ఇవాళ పడాలి."

"నా నోటితో నేను చెప్పలేనే."

"నా నోటితో చెప్పనా?"

తల్లి కూతురి చొక్కా కాలరు సరిచేసింది, చిన్నప్పుడు బడికి పంపేముందు చేసినట్టు. తర్వాత తనే ముందు నడిచి హాలు తలుపు తెరిచింది.

కొలబద్ద అప్పటికే మైకు అందుకున్నాడు. "నాలుగైంది. పన్నెండో పేజీ యథాతథంగా..."

"ఆగండి!"

ఆమె నడవా మధ్యలో నడిచి వెళ్ళి మైకు తీసుకుంది. బాబాయి సగం లేచి, వద్దన్నట్టు చెయ్యెత్తాడు. తలుపు దగ్గర తల్లి సంచీ కిందికి దించింది. గడ్డం పైకెత్తి నిలబడింది.

"ఎవరు?" కొలబద్ద పెన్ను తీశాడు.

"రెండో సీజన్ మొదటి రోజు, బల్బులు కాలిపోయాయని, షూటింగుకి గంట ముందు ఆ ఏడు వరసలూ వేసింది," ఆమె ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, "మా అమ్మ."