ఎండలో దించిన తడిక

“ఆ గోడల మధ్య పిల్లకేమన్నా అయి అరిస్తే ఎవరికి వినపడుతుందీ?”

పొద్దున్నే కొబ్బరాకు తడికలు పైకి చుట్టి కడుతూ ఫువాతినో పైకే అనేసింది. ఇంకా ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె తీరే అంత. సముద్రం పొంగినా భయమే, పొంగకపోయినా భయమే.

“మొదలెట్టావా!” అన్నాడు ఆమె మొగుడు సియోలో. “ఊరంతా గోడలు కట్టుకుని తలుపులకు తాళాలు వేసుకుంటోంది. మనమే ఇంకా కోళ్ళగూట్లో ఉన్నాం.”

వెనకవైపు సిమెంటు ఇటుకల కొత్త ఇల్లు సిద్ధమైంది. శనివారం ఈ పాత ఫలేను విప్పేస్తారు. గుండ్రంగా నిలబెట్టిన స్తంభాలు, వాటిమీద చెరకాకు కప్పు, గోడ అన్నదే లేని ఇల్లు. సవాయీ ద్వీపంలో ఆ ఒడ్డున ఇలాంటిది ఇదొక్కటే మిగిలింది. అత్తగారు మాసినా వెనక స్తంభం దగ్గర చాప అల్లుతూ అంతా వింటోంది. ఆమె ఏనాడూ ఏమీ అనదు.

తడిక తాడు ముడివేస్తూ ఫువాతినో కప్పుకేసి చూసింది. అప్పుడు కూతురు తిలోమై కడుపులో ఎనిమిదో నెల. పెద్ద గాలివాన కప్పు ఎత్తుకుపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని చెరకాకును పుల్లల మీద మడిచి కుట్టారు. ఆకు అంచులకు వేళ్ళు కోసుకుపోయేవి. అయినా ఎవరో పాట ఎత్తుకునేవారు, ఇంకెవరో మొగుళ్ళమీద హాస్యాలాడేవారు, నవ్వలేక కడుపు పట్టుకునేది తను. కొత్త కప్పు కింద మొదటి వాన పడ్డ రాత్రి ఎండిన ఆకు వాసన, చినుకుల మెత్తని చప్పుడు ఇప్పటికీ గుర్తే. ఇక్కడ కూర్చుంటే నీళ్ళకు వెళ్ళిన పిల్ల కనపడుతుంది, పక్కింటి దగ్గు వినపడుతుంది, దారినపోయే ఎవరినైనా “రండి, భోంచేసి వెళ్ళండి” అని కూర్చున్నచోటినుంచే పిలవొచ్చు. కొత్తింట్లో ఎవరిని పిలవాలి, తలుపునా?

ఇంకోటి కూడా గుర్తుంది. పెళ్ళయిన మూడో ఏడు, సీమపనసకాయ మాడ్చిందని సియోలోకు ఒళ్ళు మండింది. దారినపోయేవాళ్ళకు కనపడకుండా కొట్టాలని ఎర్రటి ఎండలో తడికలు దించడం మొదలెట్టాడు. వాన లేకుండా పట్టపగలు తడికలు దించారంటే ఇంట్లో రోగమైనా ఉండాలి, చావైనా ఉండాలి. రెండో తడిక దిగకముందే పక్కింటి సియేనీ ఉడికించిన చేమదుంపల పళ్ళెంతో దిగబడింది. “ఎవరికి బాగాలేదే ఫువాతినో? జ్వరమా?” ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సియోలో తల గోక్కున్నాడు. “ఎండ ఎక్కువగా ఉందనీ...” అని నసిగాడు. ఆ వారమంతా ఊళ్ళో ఆడవాళ్ళు “సియోలోకు ఎండ తగ్గిందా?” అని అడిగారు. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు.

సాయంత్రం తిలోమై బడినుంచి నోటుపుస్తకంతో వచ్చింది. ఊళ్ళోని పాత ఇళ్ళ చరిత్ర రాసుకు రమ్మన్నారట. సియోలో తన స్తంభానికి ఆనుకుని కాళ్ళు మడిచి కూర్చున్నాడు. ఇంటిపెద్దగా అది ఆయన చోటు, ఇంకెవరూ కూర్చోరు. ఏ వడ్రంగి కట్టాడో, ఏ చెట్టు నరికారో, ఏ స్తంభం దగ్గర ఏ పెద్దమనిషి కూర్చునేవాడో ఒక్కటీ వదలకుండా చెప్పాడు.

“మరి కప్పు ఎవరు వేశారు నాన్నా?”

“ఆడవాళ్ళు. కుళ్ళిపోతే మళ్ళీ వేస్తారు. దానికి చరిత్రేంటే?” నవ్వాడు. “ఇది రాసుకో. ఊళ్ళో మొట్టమొదటి గోడల ఇల్లు ఒడ్డునున్న ఆ సున్నపు ఇల్లు, దొర దుకాణం వెనకది. ఇప్పుడు మొండిగోడలు మిగిలాయి గానీ, పెళ్ళయిన కొత్తలో మీ తాత, నానమ్మ రెండేళ్ళు అందులోనే కాపురం చేశారు. గోడల కాపురం మనకు కొత్తేం కాదు!”

మాసినా చేతుల్లో చాప ఆగింది.

ఫువాతినో లేచింది. నడిచి వచ్చి, సియోలో పక్కనే, అదే స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది.

“ఏమే, అది నా చోటు!”

“నీ చోటుమీద కప్పు నేను కుట్టాను. శనివారం ఎవరొచ్చినా నేను ఇక్కడే ఉంటా. నువ్వు ఆ ఇంట్లో పడుకో. నేనూ పిల్లా రాము.”

“పిచ్చా నీకు? ఏముందే ఇక్కడ?”

“ఒక్కటి చెప్పు, వస్తాను. ఆ రోజు తడిక దించితే సియేనీ వచ్చింది. అక్కడ నువ్వు తలుపు వేసుకుంటే ఎవరొస్తారు?”

సియోలో స్తంభం మీద చెయ్యి వేసి లేవబోయాడు. తిలోమై పెన్సిలు కాగితంమీద ఆగిపోయి ఉంది.

“ఎవరూ రారు.”

ముగ్గురూ వెనక స్తంభంవైపు తిరిగారు.

“ఆ సున్నపు ఇంట్లో రెండేళ్ళు అరిచాను,” అంది మాసినా. “రాసుకో తిలోమై, అదీ చరిత్రే.”